దక్షిణం దిక్కు వైరు

పోయిన వారం మా ఇంట్లో లాప్‌టాప్ రొద మొదలుపెట్టింది. నల్గొండలో మేముండే వీధి చివర పిండిగిర్ని ఒకటుంది, ముందు ఆ చప్పుడే అనుకున్నాను. ఆదివారం గిర్ని బందు అని గుర్తొచ్చాక గానీ నా ఒళ్ళోనే ఏదో తిరుగుతోందని తెలియలేదు. మర్నాడు బజారుకు తీసుకెళితే దుకాణదారు మూత కూడా విప్పకుండా, "దీనికి వయసైపోయింది మేడం, కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను బడి నుంచి రిటైరై రెండేళ్ళయింది. ఆ మాట నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి, లాప్‌టాప్ ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము ఎట్లా తీయాలో తెలుగులో ఎవరైనా రాశారా అని ఫోన్‌లో వెతికాను. మొట్టమొదట వచ్చింది నేను రాసిందే. ఏళ్ళ తర్వాత చదువుతుంటే నా వాక్యాలు నాకే కొత్తగా, కొంచెం పెత్తనం చేస్తున్నట్టుగా వినిపించాయి. "స్క్రూ తిరగకపోతే బలవంతం చేయకండి. లేచి నీళ్ళు తాగి రండి" అని ఉంది ఒకచోట. మూడో స్క్రూ దగ్గర లేచి నీళ్ళు తాగి వచ్చాను.

అది రాసిన రోజుల్లో నేను నకిరేకల్ దగ్గరి ఒక సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. మా అక్కావాళ్ళ ఇల్లు నకిరేకల్‌లోనే, హైవేకు దగ్గర. ఇంటి ముందుగదే బావ దుకాణం. రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు ఒక్కొక్కటే దాటుకుంటూ, తెలంగాణ వచ్చేనాటికి ఆయన కంప్యూటర్ల దగ్గరికి చేరాడు. కంప్యూటర్లంటే కొత్తవి కావు. కొత్తది ఆ గడప తొక్కడం నేను చూడలేదు. పట్నం ఆఫీసులు వదిలించుకున్నవి, ఎవరో పుణ్యాత్ములు బడులకు దానమిచ్చి పక్కన నిలబడి ఫొటో దిగినవి, జిరాక్సు దుకాణాల్లో పొద్దంతా పనిచేసి పసుపెక్కినవి, అన్నీ చివరికి ఆ బల్ల మీదికే వచ్చేవి. చిట్యాల, దేవరకొండ సరే, అటు కల్వకుర్తి, అచ్చంపేట నుంచి కూడా గోనెసంచిలోనో పాత దుప్పటిలోనో చుట్టుకుని మనుషులు వచ్చేవారు. తీరా విప్పితే సగానికి సగం రోగం దుమ్మే. బావ ఊదేవాడు, బిగించేవాడు, పంపేవాడు. మూడు బస్సులు మారి వచ్చిన మనిషిని ఒక్క ఊదుతో పంపేయడం ఆయనకు మహా కష్టంగా ఉండేది. అందుకని ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. "గా పట్టీ లేదా? గది కాదు, దాని పక్కపొంటి నల్లగ ఉంటది సూడు, గదే!" అని ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో గాలిలో స్క్రూలు తిప్పుతూ అరిచేవాడు. ఒకరోజు అక్క వంటింట్లోంచి వచ్చి, "నువ్వు గిట్ల చేతులూపితె కల్వకుర్తిల ఉన్నాయినకు ఎట్ల కనబడ్తది? ఫొటోలు తీసి పెట్టరాదు?" అంది. మా పని అక్కడ మొదలైంది.

పని పంచుకోవడంలో తగాదా రాలేదు. బావ విప్పేవాడు, అక్క తన ఫోన్‌తో ఫొటోలు తీసేది, నేను రాసేదాన్ని. ఆదివారాలు, రెండో శనివారాలు అట్లా గడిచేవి. పొద్దున పదింటికి కిటికీలోంచి బల్ల మీదికి మెత్తటి వెలుగు వచ్చేది. పదకొండున్నర దాటితే రేకుల నీడ పడేది. ఆ గంటన్నరలోనే ఫొటోలన్నీ కావాలని అక్క పట్టు. బావ పెళ్ళిళ్ళకు కట్టే తెల్లధోతి ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచేది. ఆ ధోతి మళ్ళీ పెళ్ళి మొహం చూడలేదు. బావ గోళ్ళు తీసుకుని చేతులు సబ్బుతో కడుక్కుంటే తప్ప ఫోను చేతికి తీసుకునేది కాదు. "దేశమంత సూస్తది" అనేది. హైవే మీద పెద్ద లారీ పోయినప్పుడల్లా బల్ల అదిరి స్క్రూలు దొర్లిపోయేవి కాబట్టి, చపాతీ పిండి ముద్దలు చేసి, ఊడిన వరసలో వాటికి గుచ్చేది. స్క్రూ ఎంత చిన్నదో తెలియడానికి పక్కన బియ్యపుగింజ పెట్టాలన్నదీ ఆమె ఆలోచనే. రేషన్ బియ్యమా, సన్నబియ్యమా అన్నదాని మీద అరగంట చర్చ జరిగింది. వడ్ల వ్యాపారం మీద బతికే ఊళ్ళో అది చిన్న తేడా కాదు. అందరిళ్ళల్లో ఉంటుందని చివరికి రేషన్ బియ్యం ఖాయం చేశాం.

నా వంతుకు వస్తే, నాకు బడిపంతుళ్ళ జబ్బు ఉండేది. చదివినవాళ్ళు మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగకూడదని నా పంతం. బావ చెప్పింది చెప్పినట్టు రాసుకుని, దాన్ని కడిగి, తుడిచి, చిన్న చిన్న వాక్యాలు చేసి, ఆయనకు పైకి చదివి వినిపించేదాన్ని. "మంచిగున్నది" అనేవాడు. ఆ రెండు మూడేళ్ళలో నలభైకి పైగా రాసి ఇంటర్నెట్‌లో పెట్టాం. ఎవరెవరో మెచ్చుకుంటూ రాసేవారు. బడిలో నా తోటి టీచర్లకు ఆ జాబులు చూపించేదాన్ని, వాళ్ళు అడగకపోయినా సరే.

ఇక్కడ మా ప్రాంతపు అలవాటొకటి చెప్పాలి. మాకు కుడి ఎడమలు అన్నం తినేటప్పుడే గుర్తొస్తాయి. మిగతా వేళంతా దిక్కులే. బస్సులో కూర్చోవాలంటే "జర తూర్పుకు జరుగమ్మా" అంటాం. మా అవ్వకు పన్ను నొప్పి లేస్తే, ఏ పన్ను అని అడిగినందుకు "ఉత్తరం దిక్కుది" అని చెప్పింది. ఆమె మంచం ఎట్లా వేసి ఉందో ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి ఎవరూ నవ్వలేదు. బావ బల్ల వాస్తు చూసి వేసింది. ఆయన తూర్పు ముఖంగా కూర్చునేవాడు, లాప్‌టాప్ మడతపడే అంచు ఎప్పుడూ తూర్పుకే ఉండేది. ఫ్యాన్ గురించి చెబుతూ ఆయన, "దక్షిణం దిక్కు వైరు గోటితోని పైకి లేపాలె, ఉత్తరం దిక్కుది ముట్టద్దు" అన్నాడు. నేను "దక్షిణం దిక్కున ఉన్న వైరును గోటితో పైకి లేపండి. ఉత్తరం దిక్కున ఉన్నదాన్ని ముట్టుకోకండి" అని శుభ్రంగా రాశాను. అయస్కాంతపు సూది ఎటు తిప్పినా ఉత్తరాన్నే చూపిస్తుందని పాతికేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని, చదివే మనిషి ఎటు మొహం పెట్టి కూర్చుంటాడో అన్న ఆలోచన నాకు రాలేదు. ఆ మెట్టుకు తీసిన ఫొటో అక్కకు ప్రాణం. బావ గోరు, గోటి కింద సన్నటి నల్లవైరు, అంతే. గోటి మీది గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. చుట్టుపక్కల ఏముందో మాత్రం కనబడదు.

కొన్నాళ్ళకు హైదరాబాద్ నుంచి ఒకాయన దాని కింద ప్రశ్న రాశాడు: "లాప్‌టాప్‌లో దక్షిణం అంటే ఎటు?" ముగ్గురం చదివి కడుపుబ్బ నవ్వాం. "పట్నపోళ్ళకు దిక్కులు గూడ తెల్వకపాయె" అన్నాడు బావ. నేను జవాబు రాయలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో, చౌటుప్పల్ అవతలి ఒక నేత ఊరి నుంచి యాభై దాటిన పెద్దమనిషి వచ్చాడు. లాప్‌టాప్‌ను తెల్లగుడ్డలో మూటకట్టి రెండు చేతులా పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. బల్ల మీదున్న బావ చేతులు చూసి, "గీ చేతులేనన్నా, ఫొటోల చూసిన" అన్నాడు. మంచినీళ్ళు తాగి, మూట విప్పి, జరిగింది చెప్పాడు. "ఫ్యాను రొద చేస్తాంటె మీరు రాసింది ముంగట పెట్టుకొని విప్పినన్నా. దక్షిణం దిక్కు వైరే లేపిన. గోటికి రాలే, జర గట్టిగ గుంజిన, ఫట్టుమన్నది. మళ్ల బిగిచ్చి స్విచ్చేస్తె కాలిన వాసనొచ్చింది. నాతోని ఏం తప్పైందో చూసి చెప్పుర్రి."

బావ విప్పి చూశాడు. ఊడింది ఫ్యాన్ వైరు కాదు, తెరకు పోయే వైరు. దాని మొదట్లో చిన్న గడియ ఉంటుంది. గడియ ఎత్తకుండా గుంజితే మొదలంటా చిరుగుతుంది. తెరకు కరెంటు కూడా దాంట్లోంచే పోతుంది కాబట్టి, స్విచ్ వేయగానే బోర్డు మీద ఒక మూల కాలింది. బావ తలెత్తి, "ఎటు మొకం పెట్టి కూసున్నవన్నా?" అని అడిగాడు.

"పడమటికి. మా ఇంట్ల మగ్గం గుంత అటే ఉంటది. గా గట్టు మీదనే పెట్టుకొని విప్పిన."

బావ స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. తూర్పు ముఖంగా కూర్చునే బావకు కుడిచేతి వైపుండే దక్షిణం, పడమటికి కూర్చున్న ఈయనకు ఎడమచేతి వైపు పడింది. ఇంకెవరైనా అయితే అర్థంకాక ఆగిపోయేవారు, లేదా ఆ హైదరాబాదాయన లాగా అడిగేవారు. ఈయన మావాడు. బయటికి వెళ్ళి ఎండ చూసుకుని, దక్షిణం ఎటో నిర్ధారించుకుని, నేను రాసింది రాసినట్టు చేశాడు. "తప్పు నీది కాదన్నా, మాది" అన్నాడు బావ. "అంత మంచిగ రాసిన్రు, మీదెట్లయితది?" అని ఆ పెద్దమనిషి ఒప్పుకోలేదు. ఆ మాటతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ లాప్‌టాప్‌లో ఆయన తొమ్మిదేళ్ళ పని ఉంది. ఆయనది ఇక్కత్ నేత. దాంట్లో రంగు బట్ట మీద వేయరు, నేయకముందే నూలు మీద వేస్తారు. పేక నూలును ఆసు అనే మేకుల చట్రం మీద చుట్టి, గ్రాఫులో గళ్ళు లెక్కపెట్టుకుంటూ, రంగు తగలకూడని చోటల్లా రబ్బరు పట్టీతో బిగించి కడతారు. గ్రాఫు లేకపోతే ఎక్కడ కట్టాలో తెలియదు. ఈయన గ్రాఫులన్నీ ఒక పాత ప్రోగ్రాంలో గీసుకున్నాడు. ఆ ఒక్క మెషీన్‌లో, ఆ బోర్డు ఉంటేనే తెరుచుకునేటట్టు దానికి తాళం వేసి అమ్మారు. అమ్మినవాళ్ళు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. ఇంటి దగ్గర మగ్గం మీద ఒక చీర సగంలో ఉంది. సగం పేక కట్టడమైంది, మిగతా సగం గ్రాఫు మెషీన్ లోపల ఉండిపోయింది. "ఒక్క చీర పోతె పోనియ్యన్నా. తొమ్మిదేండ్లయి పోతె, రేపటి సంది నేనేం కట్టాలె?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

వేరే బోర్డు పెట్టడానికి లేదు. కాలినదాన్నే బతికించాలి. బావ అటక మీది చచ్చిన మెషీన్లలోంచి అదే రకందాన్ని దించి, దాని వైరు మొదలు ఊడదీసి, వెంట్రుకలంత సన్నటి తీగలతో రెండు రోజులు కూర్చుని సోల్డరింగ్ చేశాడు. ఆ పెద్దమనిషి అక్కావాళ్ళింట్లోనే ఉన్నాడు. చేతులు ఊరికే పెట్టుకోవడం ఆయనకు రాదు. అక్క దగ్గర చింతపండు అడిగి తీసుకుని గింజలు తీస్తూ కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున తెర వెలిగింది. అందరం లేచి నిలబడ్డాం. ఇరవై నిమిషాలు వెలిగి, వేడెక్కి ఆరిపోయింది. చల్లారాక మళ్ళీ ఇరవై నిమిషాలు. గ్రాఫులను వేరే రకంగా సేవ్ చేద్దామని చూస్తే ఇంకా ముందే ఆరిపోతోంది. "గట్లయితె నేనే ఫొటోలు తీస్త" అంది అక్క. తెర మీద వెలుగు పడకుండా కిటికీకి దుప్పటి కట్టింది. ముందు మగ్గం మీది చీర గ్రాఫు, తర్వాత మిగతావి. ఒక్కో గ్రాఫు ఒక్క తెరలో పట్టదు, నాలుగైదు ముక్కలుగా జరుపుతూ తీయాలి. ఆయన జరిపేవాడు, అక్క తీసేది, నేను కాగితం మీద పేరూ ముక్క నంబరూ రాసేదాన్ని, బావ విసనకర్రతో బోర్డుకు విసిరేవాడు. బాలింతకు కూడా ఎవరూ అంత శ్రద్ధగా విసిరి ఉండరు.

మెషీన్ ఆరినప్పుడల్లా చాయ్. ఆ మూడు రోజుల్లో తాగినంత చాయ్ నేను మళ్ళీ ఎప్పుడూ తాగలేదు. అట్లా ఒక చాయ్ దగ్గర బావ, "మనం రాసినయన్నీ తీసిపారెయ్. ఇంకెంతమందివి పాడైనయో" అన్నాడు నాతో. నాకూ అదే మంచిదనిపించింది. తీసేస్తే ఎవరికీ కనబడదు. ఆ పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి, "ఎందుకు తీస్తవన్నా?" అన్నాడు. "మేం ఆసు మీద మొదటి పోగుకు ఎర్రదారం ముడేస్తం. ఆసు ఎటు తిప్పినా, ఎవలింట్ల పెట్టినా, మొదలు గాడనే. గుర్తు వస్తువు మీద ఉండాలె. మనం కూసున్న జాగల ఉంటె ఎట్ల?" ఇంత చదివి, ఇన్ని విప్పి, ఆ ఒక్క ముక్క మాకు తట్టలేదు. అక్క తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి, బల్ల మీదున్న ఇంకో లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టే రంధ్రం పక్క మూలన అతికించింది. ఆ మూల నుంచి లెక్క.

ఐదోరోజు మధ్యాహ్నం, అరవైకి పైగా గ్రాఫుల్లో ఇంకా పదకొండు మిగిలి ఉండగా, మెషీన్ ఆరిపోయింది. చల్లారింది. మళ్ళీ వెలగలేదు. సాయంత్రందాకా చూశాం. ఆ తర్వాత నెలల తరబడి బావ దాన్ని వదలలేదు గానీ లాభం లేకపోయింది. ఫైళ్ళు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి, తెరిచే దారే లేదు. ఆరోజు ఆ పెద్దమనిషి బస్సుకు బయల్దేరేముందు, మిగిలిపోయిన పదకొండింటి పేర్లు రాసుకొమ్మని నాకు వరసగా చెప్పాడు. గవ్వల అంచు, తమలపాకు, దువ్వెనపళ్ళు, అత్తకోపం. అన్నీ ఆయన పెట్టుకున్న పేర్లే. అత్తకోపమేమిటని అక్క అడిగితే, "అన్ని దిక్కుల మొనలుంటయమ్మా" అన్నాడు. నవ్వాం. ఆయన వెళ్ళిపోయాక నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత నలభై చిల్లరా మళ్ళీ రాశాం, ఫొటోలు మళ్ళీ తీశాం. ఏడాది పైనే పట్టింది. విప్పేముందు చార్జర్ రంధ్రం ఉన్న మూలన ఒక గుర్తు పెట్టుకోండి, బొట్టుబిళ్ళయినా సరే, పెన్ను చుక్కయినా సరే అని అన్నిటికీ మొదటి మెట్టు అయింది. దగ్గరి ఫొటోకు ముందు దూరపు ఫొటో ఒకటి ఉండాలని అక్క తనకు తానే కట్టడి పెట్టుకుంది. ఫ్యాన్ వ్యాసం దగ్గర మాత్రం బావకూ నాకూ మాటామాటా వచ్చింది. గుట్టుగా దిద్దేద్దామని నేను. వీల్లేదని ఆయన. ఇతరుల తప్పు కింద ఎర్రగీత గీయడం పాతికేళ్ళకు పైగా చేసినదాన్ని, నా తప్పు నలుగురిలో పెట్టడానికి చేయి రాలేదు. "చేసింది చేసినట్టు రాయి. రేపు ఇంకొకలు రాసేటప్పుడు సూసుకుంటరు" అన్నాడు బావ. నాలుగు రోజులు అలిగి, రాశాను. దాని నెత్తిన ఇప్పటికీ ఉంది: "ఇందులో మొదట మేము దిక్కులు రాశాం. అది నమ్మి ఒకరు నష్టపోయారు. తప్పు చదివినవారిది కాదు, రాసినవారిది." హైదరాబాదాయనకు కూడా క్షమాపణ చెబుతూ జవాబు పెట్టాను. ఆయన చూశాడో లేదో తెలియదు.

మొన్న నా లాప్‌టాప్ దుమ్ము దులిపి మూత బిగించాక రొద తగ్గింది, పూర్తిగా పోలేదు. బావకు ఫోన్ చేసి చెబితే, "ఉండనియ్, మనకు మాత్రం లేదా" అన్నాడు. కంటి ఆపరేషన్ తర్వాత ఆయన చిన్న స్క్రూల జోలికి పోవడం లేదు. తర్వాత ఆ నేత పెద్దమనిషికి కూడా చేశాను. నా గొంతు వెంటనే పోల్చుకున్నాడు. ఆషాఢంలో ఆర్డర్లు తక్కువగా ఉంటాయట. అప్పుడు, ఏడాదికొక్కటి, ఆ పదకొండింటిలోంచి ఒకదాన్ని జ్ఞాపకం చేసుకుని, కాగితం మీద గళ్ళు గీసుకుని, మళ్ళీ కడుతున్నాడట. ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. "ఆరైనయి టీచరమ్మా, ఇంక అయిదున్నయి. యాదికి ఉన్నట్టే ఉంటది, కట్టబోతె గళ్ళు తప్పుతయి. కండ్లు మంచిగుంటె అయిదేండ్ల ఒడుస్తయి" అన్నాడు, ఇంటి పనేదో చెప్పినంత మామూలుగా. దక్షిణం అన్న ఒక్క మాట రాయడానికి ఆ ఆదివారం నాకు క్షణం కూడా పట్టి ఉండదు. దాన్ని దిద్దడానికి ఆయనకు పదకొండు ఆషాఢాలు పడుతోంది.